కోయని తుపాకులు

మా ఊళ్లో వైనో కంగస్‌ను తుపాకుల దర్జీ అనేవాళ్లు. సైన్యాలు వాడి వదిలేసిన పొడుగాటి తుపాకుల్ని కూపన్ పంపి తెప్పించుకునేవాడు. ముందుభాగం చెక్క కోసేసి, మిగిలినదాన్ని అరగదీసి, ఎవరి భుజానికి తగ్గట్టు వాళ్లకు జింకల వేటకు కుదిర్చి ఇచ్చేవాడు. గనిలో అతని పని సొరంగం కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టడం. కొలత తప్పితే మనుషులు పోయే పని. అందుకేనేమో, పైకి వచ్చాక కూడా అతనికి కొలత తప్పేది కాదు.

కొత్త తుపాకి కొనే స్తోమత మా రాగి గనివాళ్లలో చాలామందికి లేదు. నవంబరు వస్తే మాంసం మాత్రం అందరికీ కావాలి. వేట పత్రికల చివరి పేజీల్లో ఒహాయోలోని ఒక డీలరు ప్రకటన వేసేవాడు. కూపన్ కత్తిరించి మనియార్డరుతో పంపితే కొన్నాళ్లకు రైల్వే డిపోకి పొడుగాటి పెట్టె వచ్చేది. సహకార దుకాణం లారీ నడిపేది నేనే. పిండి బస్తాలతో పాటు ఆ పెట్టెల్నీ ఇళ్లకు చేర్చేవాణ్ణి. ప్రకటన అడుగున చిన్న అక్షరాల్లో ఇంకో మాట ఉండేది: ఏరి పంపాలంటే ఒక డాలరు అదనం. అప్పట్లో వైనో ఆ డాలరు పంపేవాడు కాదు.

"డాలరు పుచ్చుకుని, కళ్లు మూసుకుని, చేతికందింది పంపిస్తాడు వాడు. ఏరడమట!" అనేవాడు.

పెట్టె విప్పితే ముందు తుపాకి కనపడదు. తుప్పు పట్టకుండా సైన్యంవాళ్లు పూసిన చిక్కటి గోధుమరంగు జిడ్డు కనపడుతుంది. వేరే ఊళ్లవాళ్లు దాన్ని మరిగే నీళ్లతో కడుక్కుంటారు. మేం ఫిన్లాండు నుంచి అమెరికాకు వచ్చినవాళ్ల పిల్లలం, మాలో ప్రతి ఇంటికీ పెరట్లో ఆవిరిగది ఉంటుంది. శనివారం స్నానాలకు పొయ్యి వేడెక్కుతుండగా వైనో తుపాకుల్ని అక్కడ దూలానికి వేలాడదీసేవాడు. జిడ్డు కరిగి చెక్కలోంచి, గొట్టంలోంచి బొట్లు బొట్లుగా రేకుడబ్బాల్లో కారేది.

"మనుషులకు చెమట పట్టాల్సిన చోట తుపాకులకు చెమట పట్టిస్తున్నాడు," అనేది అతని భార్య సైమా. "ఏదో ఒకరోజు ఈ బల్ల మీంచి జారి పొయ్యిలో పడతాను."

"పడితే పడ్డావులే. ఆ జిడ్డు నీకూ మంచిదే, తుప్పు పట్టవు."

"తుప్పు పట్టింది నీ బుర్రకి."

అతను బాగా గర్వపడేది నునుపు చేసే పని గురించి. కోసిన చెక్కను గరుకు కాగితంతో రోజుల తరబడి రుద్దేవాడు. అయిందనుకున్నాక సైమా పాత పట్టు మేజోడు తెచ్చి దాని మీద జరిపేవాడు. ఎక్కడైనా పోగు తట్టుకుంటే మళ్లీ మొదటినుంచీ రుద్దేవాడు. సైనికులు చెక్క మీద గీసుకున్న పేర్లు, పిచ్చిగీతలు, ఆడవాళ్ల బొమ్మలు అన్నీ ఆ రుద్దుడులో పోయేవి. కోసేసిన ముందు ముక్కలు ఆవిరిగది పొయ్యి పక్క తొట్టిలో పడేసేవాడు. ఎన్నో ఏళ్ల నూనె పీల్చుకున్న చెక్క కాబట్టి చిటచిటలాడుతూ బాగా మండేది.

సైమాకు ఒక తమ్ముడు ఉండేవాడు. పేరు యాల్మర్. గనులు మూతపడ్డ రోజుల్లో, రష్యావైపు కరేలియాలో పనివాళ్ల రాజ్యం కడుతున్నారని విని, మావాళ్లు చాలామంది రంపాలూ గొడ్డళ్లూ పట్టుకుని ఓడెక్కారు. యాల్మర్ కూడా వెళ్లాడు. అయిదేళ్లు ఉత్తరాలు వచ్చాయి. తర్వాత రాలేదు. ఎలాగో తిరిగొచ్చిన ఒకరిద్దరు, అక్కడి పోలీసులు మావాళ్లను ఇళ్లలోంచి పట్టుకెళ్లారనీ, పట్టుకెళ్లినవాళ్లు మళ్లీ కనపడలేదనీ చెప్పారు. యాల్మర్ సంగతి అడిగితే తెలియదన్నారు. ఆ వెనకే, ముప్ఫైతొమ్మిదిలో, ఫిన్లాండుకూ రష్యాకూ యుద్ధం వచ్చింది.

సైమా అమ్మ పోయినప్పుడు సమాధి రాయి మీద కొడుకు పేరుకని కొంత చోటు వదిలి చెక్కించారు. చర్చి ఆడవాళ్లు సైమాను పోరుతూనే ఉండేవాళ్లు, ఆ పేరు కూడా చెక్కించెయ్, నీ మనసు కుదుటపడుతుందని. ఆమె ఒప్పుకోలేదు.

"ఏ సంవత్సరం వెయ్యమంటారు? మీలో ఎవరికి తెలుసో చెప్పండి, వేయిస్తాను," అనేది.

ఆవిరిగది చూరు కింద యాల్మర్ స్కీ ఒకటి, మంచు మీద జారడానికి కాలికి కట్టుకునే పొడుగాటి చెక్క, వేలాడుతూ ఉండేది. దాని జత విరిగిపోతే దాన్ని వదిలేసి వెళ్లాడు. శనివారం అందరి స్నానాలూ అయ్యాక సైమా పొయ్యిలో ఇంకో మొద్దు వేసి, రాళ్ల మీద ఒక చెంబు నీళ్లు చల్లి, తలుపు దగ్గరగా వేసి వచ్చేది. ఎవరూ లేని గదిలో ఆవిరి చాలాసేపు ఉండేది. అది ఎవరి కోసమో మాకందరికీ తెలుసు. వైనో ఒక్కసారి కూడా కట్టెలు దండగన్న మాట అనలేదు.

యాభైతొమ్మిదిలో వేట కాలానికి ముందు, నా లారీలో ఒక తుపాకి వచ్చింది. అది వైనోతో పాటు గనిలో పనిచేసే ఓస్కర్‌ది. చెక్క మీద రష్యా ఫ్యాక్టరీ ముద్ర, దాని పక్కన ఫిన్లాండు సైన్యం ముద్ర ఉన్నాయి. యుద్ధంలో రష్యావాళ్ల చేతిలోంచి ఫిన్లాండువాళ్ల చేతికి వచ్చి, తర్వాత మా దాకా అమ్ముడైన సరుకు. వైనో ఎప్పటిలాగే వేలాడదీశాడు, కోశాడు, రుద్దాడు, మేజోడు జరిపి చూశాడు, ఓస్కర్‌కు ఇచ్చేశాడు.

తర్వాతి శనివారం నేను వాళ్లింటికి స్నానానికి వెళ్లాను. నేనూ వైనో పెరట్లో కట్టెలు చీలుస్తున్నాం. సైమా ఆవిరిగదిలో పొయ్యి రాజేస్తోంది. తలుపు తెరుచుకుంది. చేతిలో పొగలు కక్కుతున్న చెక్కముక్క పట్టుకుని బయటికొచ్చింది. దాని కొస ఇంకా ఎర్రగా ఉంది.

"ఇది ఎక్కడిది?"

"చెయ్యి కాలుతోందే! పడెయ్!"

"ఎక్కడిది వైనో?"

"ఓస్కర్ తుపాకిది. ముందు దాన్ని పడెయ్."

ఆమె పడెయ్యలేదు. నేనే చేతిలోంచి లాగి మంచులో పెట్టాను. అరచేతి తోలు కొంచెం దానికే అంటుకుపోయింది. సైమా లోపలికెళ్లి కాఫీ గింజలు పొడి చేసే మర తెచ్చింది. వాళ్ల నాన్న పాతదేశం ఫిన్లాండు నుంచి తెచ్చుకున్నది. దాన్ని తిరగేసి చెక్కముక్క పక్కన పెట్టింది. మర అడుగున కత్తితో చెక్కిన గుర్తు: ఒక నిలువు గీత, ఎడమవైపు రెండు ఏటవాలు గీతలు, సగం చేపముల్లులా. అది సైమా పుట్టింటివాళ్ల గుర్తు, ఓయాల వాళ్ల ఇంటి గుర్తు. పాతదేశంలో ప్రతి ఇంటికీ ఒకటి ఉండేది. గొడ్డలి, నాగలి, పడవ, చివరికి వెన్న చిలికే కవ్వం మీద కూడా గీసుకునేవాళ్లు. వైనో గనివాళ్ల పూటకూళ్ల ఇంట్లో పెరిగిన అనాథ. అతనికి ఇంటి గుర్తంటూ లేదు.

చెక్కముక్క మీద జిడ్డు కిందనుంచి అదే నిలువు గీత, అవే రెండు ఏటవాలు గీతలు కనిపిస్తున్నాయి. రంపం సరిగ్గా గుర్తు మధ్యలోంచి పోయింది.

"కింది సగం ఏదీ?" అంది సైమా.

వైనో గొడ్డలి కింద పెట్టాడు.

"కింది సగం వైనో. ఈ గీత ఇంకా కిందికి పోవాలి."

"అది తుపాకి వైపు ఉండిపోయింది," అన్నాడతను. "రుద్దేశాను."

కాలిన చేతికి వెన్న రాసి గుడ్డ కడుతున్నంతసేపూ ఆమె ఆ ముక్క వైపే చూస్తూ ఉంది. అలాంటి గుర్తులు చాలా ఇళ్లకు ఉంటాయని వైనో అన్నాడు. ఉంటాయి అంది. పట్టుబడ్డ తుపాకి అంటే దాన్ని మోసినవాడు చచ్చిపోయి ఉండొచ్చు, బందీ అయి ఉండొచ్చు అన్నాడు. అవునంది. మళ్లీ తనే అంది: "వాడిదే అయితే, రష్యా సైన్యంలో యుద్ధం దాకా ఉన్నాడన్నమాట. ఇంట్లోంచి పట్టుకెళ్లి చంపలేదన్నమాట. నాకు అది తెలిస్తే చాలు."

ఆ రాత్రి స్నానాలు లేవు. నా లారీలోనే ఓస్కర్ ఇంటికి వెళ్లాం. ఓస్కర్ తుపాకి గోడకు తగిలించి ఉంది.

"ఏం దర్జీ, కొలత తప్పిందని గుర్తొచ్చిందా? భుజం దగ్గర వదులుందిలే, వచ్చే ఏడు నేను ఒళ్లు చేస్తాను," అన్నాడు ఓస్కర్.

వైనో తుపాకి దించి దీపం కింద పెట్టి, చెక్క కొస మీద బొటనవేలు జరిపాడు. వెనక్కి జరిపాడు. మళ్లీ ముందుకు. వార్నిష్ కింద చెక్క అద్దంలా ఉంది. వేలికి ఏదీ తగల్లేదు.

"ఏం వెతుకుతున్నావయ్యా? వెంట్రుకవాసి గీత కూడా లేదు. నీ చేతిపని నాకు తెలీదా?" అన్నాడు ఓస్కర్. తర్వాత మా ముఖాలు చూసి కుర్చీలు జరిపాడు.

ఆ రోజు తర్వాత వైనో ఇంకో తుపాకి కోయలేదు. తెప్పించడం మాత్రం మానలేదు. ఒక్క తుపాకి మీద అలాంటి గుర్తు ఉందంటే, ఒకే పటాలం సరుకు ఒకేచోట పేర్చి ఉంటుంది, ఇంకోదాని మీద కూడా ఉండొచ్చని అతని లెక్క. సైనికుడికి ఒకే తుపాకి ఉంటుందా, పాడైతే ఇంకోటివ్వరా అనేవాడు. జీతం వచ్చేదాకా ఓపిక పట్టి, వేట పత్రిక రాగానే కూపన్ కత్తిరించేవాడు. ఈసారి ఏరి పంపమని ఆ అదనపు డాలరు కూడా కట్టేవాడు. మంచి గుర్తులున్నది ఏరి పంపమని ఒక చీటీ కూడా పెట్టేవాడు. అక్కడ ఆ చీటీ ఎవరు చదువుతారు?

వచ్చినవాటిని వేడికి వేలాడదీసి, జిడ్డు కారాక దీపం పట్టుకుని ప్రతి వేలెడు చోటూ వెతికేవాడు. ఏమీ ఉండేది కాదు. వాటిని అలాగే, కోయకుండా, ఆవిరిగది ముందుగదిలో గోడకు ఆనించేవాడు. బట్టలు విప్పుకోవడానికి వెళ్తే పొడుగాటి తుపాకులు వరసగా నిలబడి మనల్నే చూస్తున్నట్టు ఉండేది.

"దర్జీ కత్తెర పారేశాడా? అన్నీ తానులుగానే ఉంచేశాడు!" అని కొత్తగా వచ్చినవాళ్లు నవ్వేవాళ్లు. తెలిసినవాళ్లు నవ్వేవాళ్లు కాదు.

అలా కొన్నేళ్లు జరిగాక ఒకరోజు ఓస్కర్ ఆ తుపాకుల్ని ఒక్కొక్కటే తిప్పి చూసి, తల పట్టుకున్నాడు.

"ఒరేయ్ వెర్రివాడా, ఇవన్నీ ఏరినవా?"

"డాలరు కట్టాను మరి."

"అందుకే! వాడి లెక్కలో ఏరినది అంటే గీతలు లేనిది, గాట్లు లేనిది. పెళ్లికూతురిలాంటిది. గుర్తులున్నవాటిని నువ్వే డాలరిచ్చి మరీ పక్కన పెట్టిస్తున్నావు. అవన్నీ డాలరు కట్టనివాళ్లకు పోతున్నాయి."

వైనో బల్ల మీద కూర్చుండిపోయాడు. సైమా గుమ్మంలో కాఫీ పళ్లెంతో నిలబడి వింది. పళ్లెం కింద పెట్టి, పంచదార బిళ్ల అతని చేతిలో పెట్టింది. "తాగు, చల్లారిపోతుంది," అంది.

ఆ తర్వాత డాలరు మానేశాడు. పాడైనవే పంపండి అని రాసేవాడు. పాడైనవే వచ్చాయి. ఒకదాని మీద శిలువ, ఒకదాని మీద ఏదో ఊరు పేరు, ఒకదాని మీద చిన్న గుర్రం. వాటి మీద కూడా గరుకు కాగితం పెట్టలేదు. గుర్రం ఉన్నదాన్ని నాకు చూపించి, "వీడికి కూడా ఎవరో ఒకరు ఉండే ఉంటారు," అన్నాడు.

అప్పటికే అతనికి గని దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుంది. గుమ్మంలో పెట్టె అందుకునే ఓపిక లేక, నన్నే లోపల పెట్టమనేవాడు. అరవై ఎనిమిదిలో, పోస్టులో తుపాకులు అమ్మకూడదని చట్టం వచ్చింది. ఆ ఏడు చివర్లో డీలరు ఆఖరి సరుకు పంపాడు. పెట్టె నేనే దించాను.

"ఇదే ఆఖరుది, వైనో."

"తెలుసు," అన్నాడు. ముందుగదిలో తుపాకుల వైపు కూడా చూడలేదు. వంటింటి కిటికీలోంచి లోపల పిండి పిసుకుతున్న సైమాను చూస్తూ నిలబడ్డాడు. కాలిన అరచెయ్యి పూర్తిగా తెరుచుకోదు కాబట్టి ఆమె పిడికిలితోనే పిసికేది.

రెండు వారాల తర్వాత పిండి బస్తా ఇవ్వడానికి వెళ్తే వైనో గుమ్మంలోనే ఉన్నాడు.

"తౌనో, లోపలికి రా. నువ్వూ చూడు."

వంటింటి బల్ల మీద పాత దుప్పటి పరిచి ఉంది. దాని మీద ఆ తుపాకి. సైమా అప్పుడే చర్చి నుంచి వచ్చినట్టుంది, తలగుడ్డ కూడా తీయలేదు.

"వేడికి పెట్టాను. జిడ్డు కారాక కనిపించింది," అన్నాడు వైనో. దగ్గు వచ్చి ఆగిపోయాడు. "చూడు."

ముందు చెక్క మీద గుర్తు ఉంది. నిలువు గీత, ఎడమవైపు రెండు ఏటవాలు గీతలు. గీతల్లో నల్లటి జిడ్డు. సైమా కుర్చీ లాక్కుని కూర్చుంది. గుర్తు మీద వేలు పెట్టింది. పైనుంచి కిందికి జరిపి, కింది కొస దగ్గర ఆగింది. వేలు అక్కడే చాలాసేపు ఉంచింది. తర్వాత తలెత్తి మొగుడి వైపు చూసింది. అతను ఆమె వేలినే చూస్తున్నాడు. రెండు చేతులూ లాగుకు తుడుచుకుంటున్నాడు, మళ్లీ తుడుచుకుంటున్నాడు.

"ఇదేనా?" అన్నాడు.

"ఇదే."

"సరిగ్గా చూడు సైమా."

"మా నాన్న ఇంటి గుర్తు నాకు తెలీదా? ఇదే." లేచి తలగుడ్డ విప్పింది. "ఇంక తెప్పించకు. దొరికాడు."

వైనో కుర్చీలో కూలబడి చేతుల్లో ముఖం పెట్టుకున్నాడు. నేను బస్తా మూలన పెట్టి వచ్చేశాను.

వసంతంలో మంచు కరిగాక సమాధి రాయి మీద ఖాళీ చోట యాల్మర్ పేరు చెక్కారు. పుట్టిన సంవత్సరం పక్కన 1940 అని వేశారు. పాస్టరు ప్రార్థన చదివాడు. వైనో టోపీ తీసి చేత్తో పట్టుకుని, ఎవరి సాయం లేకుండా చివరిదాకా నిలబడ్డాడు. సైమా ఏడవలేదు. చర్చి ఆడవాళ్లు ఇప్పటికి మనసు కుదుటపడిందన్నారు. ఆ ఏడాది నుంచి శనివారం ఆఖరున మొద్దు వేయడం మానేసింది. మేం స్నానాలు ముగించి వచ్చేస్తే పొయ్యి ఆరిపోయేది. చూరు కింద స్కీ కూడా కనిపించలేదు. నేను పట్టించుకోలేదు.

తర్వాతి రెండు చలికాలాలు వైనో బతికాడు. రాత్రిళ్లు నిద్ర పడుతోందని నాతో ఒకసారి అన్నాడు. ఇంత దగ్గులోనూ ఎలా పడుతుందయ్యా అంటే, నవ్వాడు.

అంత్యక్రియలయ్యాక ఒక శనివారం సైమా నాకు కబురు పెట్టింది, ముందుగదిలో తుపాకులు తీసుకెళ్లి ఎవరికైనా ఇచ్చెయ్యమని. ఒక్కొక్కటే లారీలో పెట్టాను. ఆఖరుది వంటింట్లో తలుపు మీద తగిలించి ఉంది.

"ఇది నీకు ఉండాలి కదా, యాల్మర్‌ది," అన్నాను.

"ఉండాలి. వైనో చేతిపని."

అర్థం కాక చూశాను.

"ఒకసారి వేలు పెట్టి చూడు," అంది.

పెట్టాను. గీత అంచులు మెత్తగా ఉన్నాయి. కత్తితో గీసిన గాటులా లేవు.

"కందకంలో కూర్చుని గీసుకున్నవాడెవడైనా అంచులకు మేజోడు జరిపి చూస్తాడా?" సన్నగా నవ్వింది. "వేలు పెట్టగానే తెలిసింది. మా ఆయనకు గరుకుగా చెక్కడం చేతకాదు."

కాఫీ పోసింది. బల్ల మీద ఒలికిన పంచదారలో వేలితో గుర్తు గీసింది: నిలువు గీత, ఎడమవైపు రెండు. "ఇది మా నాన్నది. పెద్ద కొడుక్కి ఇలాగే వస్తుంది. చిన్నవాడు దాన్ని అలాగే వాడకూడదు. కింద ఒక గీత కలుపుకోవాలి." నిలువు గీత అడుగున కుడివైపుకు ఒక చిన్న గీత గీసింది. "ఇది యాల్మర్‌ది. మా పెద్దన్న పాతదేశంలోనే చిన్నప్పుడు పోయాడు. అయినా యాల్మర్ తన గీత కలుపుకునే గీసేవాడు. స్కీ మీద, పాదం పెట్టే పట్టీ కింద ఉండేది."

అప్పటికి నాకు తెలిసొచ్చింది, ఆ రోజు పెరట్లో ఆమె ఎందుకు కింది సగం, కింది సగం అని అడిగిందో.

"వైనోకు చెప్పలేదా?"

"ఏమని చెప్పను? నువ్వు రుద్దేసింది సరిగ్గా ఆ ఒక్క గీతే అనా?" వేలితో పంచదార చెరిపేసింది. "చెప్పుంటే ఇంకో గీత కలిపి చెక్కేవాడు. అంతే కదా."

"స్కీ ఏదీ?"

ఆమె పెరటివైపు చూసింది. "వాడు దొరికాడన్న రోజే పొయ్యిలో పెట్టాను. ఎప్పుడో పట్టీ ఊడుతుంది, ఆ కింది గీత వైనో చూస్తాడు. చూస్తే మళ్లీ కూపన్లు కత్తిరించడం మొదలెడతాడు. కత్తిరించడానికి కూపన్లు కూడా లేవు." కప్పు చేతిలోకి తీసుకుంది, తాగలేదు. "బాగా ఎండిన చెక్క. ఎక్కువసేపు మండలేదు."

రాయి మీది సంవత్సరం గురించి నేను అడగలేదు. ఆమే అంది: "అది వైనో చెప్పింది. ఆ యుద్ధం అప్పుడే కదా అన్నాడు. సరే అన్నాను. అమ్మ ఏమీ అనుకోదు."

తుపాకులు ఎక్కించడం అయ్యేసరికి చీకటి పడింది. స్నానం చేసి వెళ్లమంది. చేశాను. నా తర్వాత ఆమె చేసి వచ్చింది. లారీ ఎక్కుతూ చూస్తే, ఆమె మళ్లీ ఆవిరిగది వైపు నడుస్తోంది, చంకలో ఒక మొద్దు ఉంది. లోపల రాళ్ల మీద నీళ్లు పడిన చప్పుడు వినిపించింది. బయటికి వచ్చి తలుపు దగ్గరగా వేసింది, గడియ పెట్టలేదు.

నేను ఇంజను స్టార్ట్ చేసి, లైట్లు వేయకుండానే రోడ్డెక్కాను.